కొత్తగా కట్టిన పాత ఇంజన్‌లో క్యామ్‌షాఫ్ట్ త్వరగా అరిగిపోతే కారణాన్ని పట్టుకోవడం ఎలా

పాత కారు ఇంజన్‌ను పూర్తిగా విప్పి, సిలిండర్లు బోరు చేయించి, కొత్త పిస్టన్లు, బేరింగులు, క్యామ్‌షాఫ్ట్ (వాల్వ్‌లను తెరిపించే ఇరుసు) వేసి కట్టిన తరువాత, మొదటి కొన్ని వందల కిలోమీటర్లలోనే ట్యాపెట్ల (క్యామ్‌షాఫ్ట్ కదలికను వాల్వ్‌ల వైపు పంపే చిన్న స్థూపాల) వైపు నుంచి టకటక వినబడితే చాలామంది వెంటనే మరో క్యామ్‌షాఫ్ట్ తెప్పించుకుంటారు. పాతదాన్ని తీసి పక్కన పడేసి, కొత్తది దింపి, మళ్లీ స్టార్ట్ చేస్తారు. మొదటిది ఎందుకు అరిగిందో తెలుసుకోకుండా వేసిన రెండవది కూడా అదే దారిన పోవడం నేను ఒకటి కంటే ఎక్కువ సార్లు చూశాను. అరిగిన లోబ్ (క్యామ్‌షాఫ్ట్ మీది గుడ్డు ఆకారపు ఉబ్బు) మీదా, దానికి జతగా తిరిగిన ట్యాపెట్ ముఖం మీదా తప్పు ఎక్కడ జరిగిందో చాలావరకు రాసి ఉంటుంది. ఆ గుర్తులను చెరిపేయకుండా చదవగలిగితే రెండవ క్యామ్‌షాఫ్ట్ నిలుస్తుంది. ఇక్కడ చెప్పబోయేది ప్రధానంగా పుష్‌రాడ్లతో, అంటే ట్యాపెట్ కదలికను వాల్వ్‌ను నొక్కే రాకర్ అనే మీటకు చేర్చే కడ్డీలతో, పనిచేసే ఫ్లాట్ ట్యాపెట్ ఇంజన్ల గురించి. లోబ్ మీద చిన్న చక్రంతో దొర్లే రోలర్ ట్యాపెట్ల సంగతి వేరు.

ముందుగా ఈ జత ఎలా పనిచేస్తుందో అర్థం చేసుకోవాలి. ఫ్లాట్ ట్యాపెట్ అనే పేరు కొంత తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే చాలా ఇంజన్లలో ట్యాపెట్ ముఖం నిజంగా చదునుగా ఉండదు. అంచుల కంటే మధ్యభాగం సుమారు 2 థౌలు (అంగుళంలో వెయ్యో వంతులు), అంటే 0.05 మిల్లీమీటర్లు, ఎత్తుగా ఉంటుంది. దానికి తోడు లోబ్‌ను ఒక అంచు నుంచి రెండవ అంచుకు అతి స్వల్పమైన వాలుతో గ్రైండ్ చేస్తారు, ట్యాపెట్ మధ్యరేఖను లోబ్ మధ్యరేఖకు కొద్దిగా పక్కకు జరిపి అమరుస్తారు. ఈ మూడు ఏర్పాట్ల ఫలితంగా లోబ్ తిరిగిన ప్రతిసారీ ట్యాపెట్ కూడా తన గుంతలో కొద్దికొద్దిగా గుండ్రంగా తిరుగుతుంది. వాల్వ్ స్ప్రింగ్ బరువంతా సన్నని గీత లాంటి చోట పడుతుంది కాబట్టి, ఆ తిరుగుడు ఉంటేనే ఒరిపిడి ముఖమంతా పంచుకోబడుతుంది. తిరగడం ఆగిన ట్యాపెట్ ఒకే గీత మీద రాసుకుంటూ నిమిషాల్లోనే తన ముఖాన్నీ, లోబ్‌నూ తినేస్తుంది. త్వరగా అరిగిన క్యామ్‌షాఫ్ట్ ఎదురైనప్పుడు నేను మొదట వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఈ ట్యాపెట్ తిరిగిందా, లేదా?

ఇంజన్ విప్పకముందు

ఇంజన్ బయట కనబడే లక్షణాలు ఏ లోబ్ అరిగిందో చాలాసార్లు ముందే చెబుతాయి. ఎగ్జాస్ట్ లోబ్ అరిగితే ఆ వాల్వ్ తగినంత తెరుచుకోదు, కాలిన గ్యాసు సిలిండర్‌లోనే మిగిలిపోతుంది. తరువాత ఇన్‌లెట్ వాల్వ్ తెరుచుకోగానే ఆ గ్యాసు వెనక్కి తన్ని కార్బ్యురేటర్ నోటి నుంచి ఒక క్రమంలో ‘పఫ్, పఫ్’ అని వినబడుతుంది. టైమింగ్ తప్పినా, మిశ్రమం పలుచబడినా, ప్లగ్ వైర్లు తారుమారైనా ఇలాంటి చప్పుడే వస్తుంది కాబట్టి వాటిని ముందుగా సరిచూసుకోవాలి. ఇన్‌లెట్ లోబ్ అరిగితే ఆ సిలిండర్‌కు గాలి చాలదు. అప్పుడు చప్పుడు కంటే బలహీనతే ఎక్కువగా తెలుస్తుంది, ఆ సిలిండర్ ప్లగ్ వైరు తీసినా ఇంజన్ నడకలో పెద్దగా మార్పు కనబడదు.

కంప్రెషన్ గేజ్‌ను, లీక్‌డౌన్ పరీక్షను (మూసిన సిలిండర్‌లోకి గాలి ఒత్తి ఎంత కారుతుందో చూసేది) కలిపి చదవడం ఇక్కడ ఎంతో మేలు చేస్తుంది. ఒక సిలిండర్‌లో కంప్రెషన్ తక్కువగా చూపించి, లీక్‌డౌన్ మాత్రం బాగుంటే, రింగులూ వాల్వ్‌లూ గాలిని సరిగ్గానే పట్టుకుంటున్నాయనీ, లోపలికి వచ్చే గాలే తక్కువగా ఉందనీ అర్థం, కాబట్టి అనుమానం ఇన్‌లెట్ లోబ్ మీదికి వెళ్లాలి. ఎగ్జాస్ట్ లోబ్ అరిగిన సిలిండర్‌లో ఈ రెండు పరీక్షలూ దాదాపు మామూలుగానే ఉండవచ్చు. కంప్రెషన్ బాగుంది కాబట్టి లోపల అంతా బాగున్నట్లే అని అక్కడ ఆగిపోవడం చాలామంది చేసే పొరపాటు.

ట్యాపెట్ గ్యాప్ (రాకర్‌కూ వాల్వ్‌కూ మధ్య వదిలే ఖాళీ) గురించి కూడా ఒక అపోహను తొలగించాలి. గ్యాప్‌ను మనం లోబ్ బేస్ సర్కిల్ మీద, అంటే వాల్వ్ పూర్తిగా మూసి ఉన్న స్థితిలో కొలుస్తాం. అందువల్ల లోబ్ కొన మాత్రమే అరిగినప్పుడు గ్యాప్ మారదు. సాలిడ్ ట్యాపెట్లున్న ఇంజన్‌లో సరిచేసిన గ్యాప్ మళ్లీ మళ్లీ పెరుగుతూ ఉంటే, రాకర్ నట్లు వదులు కాలేదనీ, పుష్‌రాడ్ కొనలు అరగలేదనీ రూఢి చేసుకున్న తరువాత, ట్యాపెట్ ముఖమే లోతుగా అరుగుతున్నదని భావించవచ్చు. నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ ట్యాపెట్లు ఈ తేడాను తమంతట తామే కొంతవరకు భర్తీ చేసుకుంటాయి కాబట్టి వాటిలో టకటక వినబడే సరికి నష్టం చాలా దూరం వెళ్లి ఉంటుంది. చప్పుడు లేదు కదా అని నిశ్చింతగా ఉండకూడదు.

లోబ్ లేపే ఎత్తును కొలవడం ఒక్కటే తిరుగులేని పరీక్ష. ప్లగ్గులన్నీ తీసి, రాకర్ కవర్ విప్పి, రాకర్లు వదిలించి, పుష్‌రాడ్ పైకొన మీద డయల్ గేజ్ ముల్లును పుష్‌రాడ్‌కు సమాంతరంగా నిలపాలి. క్రాంక్‌ను స్పానర్‌తో నెమ్మదిగా రెండు పూర్తి చుట్లు తిప్పితే క్యామ్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరుగుతుంది. ఆ చుట్టులో అతి తక్కువ, అతి ఎక్కువ కొలతల మధ్య తేడాయే ఆ లోబ్ ఎత్తు. అన్ని లోబ్‌లనూ ఇలాగే కొలిచి కాగితం మీద వరుసగా రాసుకోవాలి, ఇన్‌లెట్‌లను ఇన్‌లెట్‌లతో, ఎగ్జాస్ట్‌లను ఎగ్జాస్ట్‌లతో మాత్రమే పోల్చాలి. క్యామ్‌షాఫ్ట్‌తో వచ్చిన కార్డులో వాల్వ్ ఎత్తు మాత్రమే ఇచ్చి ఉంటే దానిని రాకర్ నిష్పత్తితో భాగించాలి. ఉదాహరణకు వాల్వ్ ఎత్తు 11.4 మిల్లీమీటర్లు, రాకర్ నిష్పత్తి 1.5 అయితే లోబ్ ఎత్తు 7.6 మిల్లీమీటర్లు. లోబ్‌ల మధ్య 0.05 మిల్లీమీటర్ల లోపు తేడా గురించి నేను ఆందోళన పడను. తేడా 0.13 మిల్లీమీటర్లు, అంటే 5 థౌలు, దాటితే ఆ లోబ్ పని అయిపోయినట్లే లెక్కించాలి, ఎందుకంటే పైపొర పోయిన తరువాత అరుగుదల మరింత వేగం అందుకుంటుంది.

విప్పేటప్పుడు

ట్యాపెట్లను బయటికి తీసేటప్పుడు ఒక్కొక్కదానిని ఏ గుంతలోంచి తీశామో అంకె రాసి విడివిడిగా పెట్టాలి. గుడ్డతో తుడవడం, డీజిల్‌లో ముంచడం ఆ తరువాతి మాట. నూనెతో ఉన్నప్పుడే ఒకసారి ఫొటోలు తీసుకోవడం మంచిది. ఏదైనా ట్యాపెట్ పైకి రాకుండా బిగుసుకుంటే దాని అడుగు అంచు ఉబ్బి ఉండవచ్చు. దానిని బలవంతంగా పైకి లాగితే గుంత గోడ గీసుకుపోతుంది, కాబట్టి క్యామ్‌షాఫ్ట్ తీసేదాకా అన్ని ట్యాపెట్లనూ పైనే ఎత్తి పట్టి ఉంచి, ఆ తరువాత దానిని కింది నుంచి తీసుకోవాలి.

ఇప్పుడు ఒక్కొక్క ట్యాపెట్‌ను వెలుతురులో తిప్పి చూడాలి. ఆరోగ్యంగా ఉన్న దాని ముఖం మీద గ్రామఫోన్ రికార్డు మీద కనబడే గాడుల లాంటి సన్నని వలయాలు మధ్య నుంచి అంచు వైపు మెరుస్తూ ఉంటాయి. అది తిరిగిందనడానికి ఆ వలయాలే రుజువు. తిరగని ట్యాపెట్ మీద వలయాల బదులు ముఖానికి అడ్డంగా ఒక చార, కొన్నిసార్లు వేలితో తడిమితే తెలిసే పల్లం ఉంటుంది. తరువాత ఒక ఉక్కు స్కేలు అంచును ముఖం మీద నిలబెట్టి, వెనుక నుంచి టార్చి వెలుగు పడేటట్లు పట్టుకోవాలి. కొత్త ట్యాపెట్ మీద స్కేలు మధ్యలో ఆని, రెండు చివర్లలోనూ వెంట్రుకంత వెలుగు కనబడుతుంది. అరిగినదాని మీద స్కేలు అంచుల మీద ఆని, వెలుగు మధ్యలో కనబడుతుంది. ఒకసారి నా చేతిలోకి వచ్చిన పెట్టె విప్పని కొత్త ట్యాపెట్ల సెట్టులో 2 ట్యాపెట్ల మీద స్కేలు ఎక్కడా వెలుగు లేకుండా పూర్తిగా అతుక్కుని కూర్చుంది. వాటి ముఖం ఉబ్బు లేకుండా చదునుగా గ్రైండ్ అయింది. ఆ రోజు స్కేలు పెట్టి చూడకపోయి ఉంటే ఆ రెండూ తిరిగేవి కావు, ఆ రెండు లోబ్‌లూ మిగిలేవి కావు. అప్పటి నుంచి కొత్త ట్యాపెట్లను కూడా స్కేలు పెట్టి చూడనిదే నేను ఇంజన్‌లో వేయడం లేదు.

లోబ్ విషయానికి వస్తే, మంచి లోబ్ కొన మీద మెరిసే పట్టీ ఒక పక్కకు జరిగి ఉంటుంది, పూర్తి వెడల్పుకు పాకదు. ఆ మెరుపు ఒక అంచు నుంచి మరో అంచు దాకా పరుచుకుంటే వాలు అరిగిపోయిందని గ్రహించాలి. కొన గుండ్రబడి, అంచు గోరుకు తగిలేంత పదునుగా తేలితే ఆ లోబ్ ముగింపు దశలో ఉంది. అరుగుదల ఉపరితలం ఎలా ఉందో కూడా చూడాలి. లోహం పులిమినట్లు, చిరిగినట్లు ఉంటే నూనె పొర తెగి లోహం లోహాన్ని తాకిందని అర్థం. మొదటి నిమిషాల్లో నూనె చాలకపోవడం, స్ప్రింగులు మరీ గట్టిగా ఉండడం, ట్యాపెట్ తిరగకపోవడం ఇలాంటి గుర్తునే వదులుతాయి. చిన్న చిన్న గుంటలుగా పెచ్చులు ఊడితే అది మోయలేని భారం పదేపదే పడినందువల్ల వచ్చిన అలసట, లేదా గట్టిదనం చాలని లోహం. లోబ్ తిరిగే దిశలో సన్నని సమాంతర గీతలు నిండి ఉంటే నూనెలో రాపిడి పొడి తిరిగింది. హోనింగ్ (సిలిండర్ గోడలను రాపిడి రాళ్లతో సానబట్టడం) తరువాత బ్లాకును సరిగ్గా కడగకపోయినా, భాగాలను గాజుపూసలతో శుభ్రం చేసి ఆ పూసలు మూలల్లో మిగిలిపోయినా ఇలా జరుగుతుంది.

ఎన్ని లోబ్‌లు, ఏ వరుసలో అరిగాయి అన్నది కూడా ఒక సాక్ష్యమే. ఒకే ఒక్క లోబ్ పోయి మిగతావన్నీ చక్కగా ఉంటే ఆ ట్యాపెట్ గుంతనూ, ఆ ట్యాపెట్‌నూ, ఆ వాల్వ్ స్ప్రింగునూ అనుమానించాలి. అలాంటప్పుడు నూనెను నిందించడం సరికాదు, ఎందుకంటే అదే నూనె మిగతా లోబ్‌లన్నిటినీ కాపాడింది. అన్నీ ఎంతో కొంత అరిగితే నూనె, స్ప్రింగుల బలం, మొదటిసారి నడిపిన తీరు, లేదా క్యామ్‌షాఫ్ట్ లోహం మీదికి దృష్టి మళ్లాలి. ఇన్‌లెట్‌లు మాత్రమే, లేదా ఎగ్జాస్ట్‌లు మాత్రమే పోతే ఆ వైపు స్ప్రింగుల అమరికను కొలవాలి.

కారణాలను ఒక్కొక్కటిగా తేల్చుకోవడం

ట్యాపెట్ గుంత పరీక్ష సులువైనది. పలుచని నూనె రాసిన కొత్త ట్యాపెట్ తన బరువుతోనే గుంతలోకి దిగాలి, వేళ్లతో తిప్పితే ఎక్కడా పట్టకుండా తిరగాలి. పాత బ్లాకుల్లో ఏళ్ల తరబడి పేరుకున్న జిగురు పొర, తుప్పు మచ్చలు, పాత ట్యాపెట్లు లాగినప్పుడు లేచిన గరుకు అంచులు దానిని పట్టేస్తాయి. ఇంజన్ కట్టేటప్పుడు, బ్లాకులో క్యామ్‌షాఫ్ట్, ట్యాపెట్లు మాత్రమే ఉన్న దశలో, ప్రతి ట్యాపెట్ మీద మార్కర్‌తో ఒక గీత గీసి క్యామ్‌షాఫ్ట్‌ను చేత్తో తిప్పితే ఆ గీత మెల్లగా జరగడం కంటికి కనబడాలి. జరగని దాన్ని అక్కడే సరిచేసుకోవడానికి పది నిమిషాలు చాలు.

వాల్వ్ స్ప్రింగుల విషయంలో జరిగే పొరపాట్లు బయటికి కనబడవు. హెడ్ పని చేసేటప్పుడు స్ప్రింగ్ కింద అదనంగా వాషర్లు వేసి ఉండవచ్చు, లేదా క్యామ్‌షాఫ్ట్ మార్చినప్పుడు వాల్వ్ ఎత్తు పెరిగి ఉండవచ్చు. వాల్వ్‌ను పూర్తి ఎత్తుకు తెరిచి, స్ప్రింగ్ చుట్ల మధ్య ఫీలర్ గేజ్ దూర్చి, ఖాళీలన్నీ కలిపి కనీసం 1.5 మిల్లీమీటర్లు ఉన్నాయో లేదో చూడాలి. స్ప్రింగ్ పై పళ్లేనికీ, వాల్వ్ గైడ్ సీల్‌కూ మధ్య కూడా అంతే ఖాళీ ఉండాలి. చుట్లు ఒకదానినొకటి తాకితే స్ప్రింగ్ ఇనుప దిమ్మెలా మారుతుంది, ఆ బలమంతా లోబ్ కొన మీద పడుతుంది. జంట స్ప్రింగులున్న ఇంజన్లలో బ్రేక్-ఇన్ (కొత్తగా కట్టిన ఇంజన్‌ను మొదటిసారి నడిపి భాగాలను కుదర్చడం) సమయంలో లోపలి స్ప్రింగులు తీసి నడపడం, ఆ తరువాత మళ్లీ వేయడం కాస్త శ్రమే అయినా నేను ఎప్పుడూ సిఫారసు చేసే జాగ్రత్త.

పాత ట్యాపెట్లను కొత్త క్యామ్‌షాఫ్ట్ మీద ఎన్నడూ వేయకూడదు, అవి ఎంత బాగున్నట్లు కనబడినా సరే. పాత క్యామ్‌షాఫ్ట్‌నే తిరిగి వాడుతున్నప్పుడు మాత్రం, ప్రతి ట్యాపెట్ తన పాత లోబ్ మీదికే వెళ్లేటట్లయితే, వాటిని వాడవచ్చు. రీగ్రైండ్ చేసిన (పాత లోబ్‌లనే మళ్లీ గ్రైండ్ చేసిన) క్యామ్‌షాఫ్ట్ అయితే మరో ప్రమాదం ఉంది: లోబ్ పైన ఉండే గట్టి పొరను గ్రైండింగ్ దాటిపోతే లోపలి మెత్తని లోహం బయటపడుతుంది. అనుమానం ఉంటే గట్టిదనం కొలిచే యంత్రం ఉన్న వర్క్‌షాపులో పరీక్ష చేయించాలి.

ఇక నూనె. నూనెలో కలిపే జింక్ డయాల్కైల్ డైథయోఫాస్ఫేట్ అనే పదార్థం వేడికీ ఒత్తిడికీ లోనై ఇనుము మీద పలుచని రక్షణ పొరగా ఏర్పడుతుంది, నూనె పొర తెగిన క్షణాల్లో లోహాన్ని కాపాడేది అదే. దానిలోని ఫాస్ఫరస్ కాటలిటిక్ కన్వర్టర్లను (పొగను శుద్ధి చేసే పరికరాలను) పాడుచేస్తుంది కనుక, 2004లో వచ్చిన ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ఎస్‌ఎమ్ నూనె ప్రమాణం నుంచి 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 వంటి పలుచని గ్రేడ్లలో ఫాస్ఫరస్‌ను 0.08 శాతానికి, అంటే 800 పీపీఎంకు పరిమితం చేశారు. రోలర్లతో నడిచే కొత్త ఇంజన్లకు అది చాలు. ఫ్లాట్ ట్యాపెట్ ఇంజన్‌కు, ముఖ్యంగా మొదటి గంటల్లో, సుమారు 1200 పీపీఎం జింక్ ఉన్న నూనె సురక్షితం. పాత ఇంజన్ల కోసమనీ, బ్రేక్-ఇన్ కోసమనీ తయారుచేసిన నూనెల వివరపత్రంలో ఈ అంకె ఉంటుంది, అది చూసి కొనుక్కోవడమే మేలు. మంచిదే కదా అని జింక్ సీసాలు విడిగా తెచ్చి ఎక్కువగా కలపడం మాత్రం తగదు. అయినా నా అనుభవంలో నూనె మీద పడే నిందలో సగం స్ప్రింగులకూ, మొదటి అరగంటకూ చెందాలి.

ఆ మొదటి అరగంటలో జరిగినదాన్ని గుర్తు తెచ్చుకుని నిజాయితీగా రాసుకోవడం కూడా రోగనిర్ధారణలో భాగమే. ఇంజన్ మొదటిసారి వెంటనే అందుకుందా, లేక కార్బ్యురేటర్‌లో పెట్రోలు లేకనో, టైమింగ్ కుదరకనో పదేపదే సెల్ఫ్ కొట్టాల్సి వచ్చిందా? సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ లోబ్‌ల మీద రాసిన మాలిబ్డినం పేస్టు తుడుచుకుపోతుంది, దాని స్థానంలోకి నూనె రాదు. అందుకున్న తరువాత ఐడిలింగ్‌లో వదిలేసి లీకులు వెతికారా? చాలా ఇంజన్లలో లోబ్‌లకు నూనె అందేది క్రాంక్ చిమ్మే తుంపరల వల్లనే, ఐడిలింగ్‌లో ఆ తుంపర చాలదు. పైగా వేగం పెరిగినప్పుడు కదిలే భాగాల జడత్వం లోబ్ కొన మీది స్ప్రింగ్ భారాన్ని కొంత తగ్గిస్తుంది, నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆ వెసులుబాటు ఉండదు. అందుకే అందుకున్న వెంటనే 2000 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్య వేగాన్ని మారుస్తూ 20 నుంచి 30 నిమిషాలు నడపాలి. నీళ్లు వేడెక్కినా, ఎక్కడైనా కారినా ఇంజన్‌ను పూర్తిగా ఆపి, సరిచేసి, మళ్లీ అదే వేగంతో మిగిలిన సమయాన్ని పూర్తి చేయవచ్చు.

ఓవర్‌హెడ్ క్యామ్ (క్యామ్‌షాఫ్ట్ సిలిండర్ హెడ్‌లోనే ఉండే) ఇంజన్లలో వెతకవలసిన చోటు కొంత మారుతుంది. కార్టినా, కాప్రీ వంటి ఫోర్డ్ కార్లలో వాడిన పింటో ఇంజన్‌లో లోబ్‌ల మీద నూనె చల్లే సన్నని గొట్టం మూసుకుపోయి క్యామ్‌షాఫ్ట్ అరగడం ప్రసిద్ధమైన లోపం. అలాంటి ఇంజన్‌లో అరిగిన లోబ్‌కు ఎదురుగా ఉన్న రంధ్రంలో సన్నని తీగ దూర్చి చూడడంతో పని మొదలుపెట్టాలి.

మళ్లీ కట్టేముందు

కారణం దొరికిన తరువాత క్యామ్‌షాఫ్ట్, ట్యాపెట్లు మార్చి ఊరుకుంటే సరిపోదు. అరిగిన ఇనుమంతా నూనెలోకే వెళ్లింది. ఆయిల్ పంపు ఫిల్టర్ కంటే ముందు ఉంటుంది కాబట్టి ఆ పొడి మొదట పంపులోంచే పోయింది. చల్లని ఇంజన్‌లో నూనె వడకట్టబడకుండా పోయే ఫిల్టర్ బైపాస్ తెరుచుకున్న ప్రతిసారీ బేరింగుల్లోకీ చేరింది. సంప్ దించి, పంపు విప్పి, మెయిన్, కనెక్టింగ్ రాడ్ బేరింగులు తీసి చూడాలి. బేరింగ్ మెత్తని పొరలో బూడిదరంగు చుక్కలు గుచ్చుకుని ఉంటే అవి మార్చక తప్పదు. ఆయిల్ దారుల ప్లగ్గులు విప్పి, పొడవాటి బ్రష్షుతో తోమి, తెల్లని గుడ్డకు మరక అంటనంత వరకు కడగాలి. ఈ పనికి ఒక రోజంతా పడుతుంది. దీన్ని దాటవేసిన ఇంజన్లు కొత్త క్యామ్‌షాఫ్ట్‌ను కూడా అదే పొడితో గీసుకుంటాయి.

కట్టేటప్పుడు లోబ్‌ల మీదా, ట్యాపెట్ ముఖాల మీదా మాలిబ్డినం పేస్టును, ట్యాపెట్ల పక్కలకు మాత్రం మామూలు ఇంజన్ ఆయిల్‌ను రాయాలి. డిస్ట్రిబ్యూటర్ ద్వారా పంపు నడిచే ఇంజన్ అయితే, డిస్ట్రిబ్యూటర్ తీసి, డ్రిల్లుతో పంపు ఇరుసును సరైన దిశలో తిప్పి రాకర్ల దాకా నూనె రప్పించుకోవాలి. కార్బ్యురేటర్ నింపి, టైమింగ్ ముందే పెట్టుకుని, మొదటి తిరుగుడులోనే అందుకునేటట్లు సిద్ధం చేయాలి.

బ్రేక్-ఇన్ ముగిసిన వెంటనే నూనె, ఫిల్టర్ మార్చి, తీసిన ఫిల్టర్‌ను కోసి దాని కాగితం మడతలను తెల్లని పళ్లెంలో విప్పి చూడాలి. నల్లని, బూడిదరంగు జిగట కనబడితే అది మాలిబ్డినం పేస్టు, భయపడనక్కరలేదు. అయస్కాంతానికి పట్టే సన్నని పొడి కొద్దిగా ఉండడం కూడా కొత్త ఇంజన్‌కు సహజమే. వెలుతురులో తళుక్కుమనే రేకులు అయస్కాంతానికి అంటుకుంటే మాత్రం ఇంజన్ మళ్లీ స్టార్ట్ చేయకుండా డయల్ గేజ్ బయటికి తీయాలి. ఏమీ లేకపోతే 500 కిలోమీటర్ల తరువాత మరోసారి లోబ్ ఎత్తులన్నీ కొలిచి, ఇంజన్ కట్టిన రోజు రాసుకున్న అంకెల పక్కనే వాటినీ రాసుకోవాలి.